మాహూర్ కోట చేసిన కొలువులు: కిన్వట్ గైడ్ రాసుకున్న కేస్ స్టడీ

నేను మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా కిన్వట్‌లో ఉంటాను, జీపు నడుపుతాను, ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చే తెలుగువాళ్ళకు మాహూర్ చూపిస్తాను. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రేణుకా ఎల్లమ్మ దర్శనానికే వస్తారు, మెట్లెక్కి మొక్కు తీర్చుకుని, తాంబూలం ప్రసాదం కొనుక్కుని, టైముంటే దత్త శిఖరం, అనసూయ శిఖరం చూసి సాయంత్రానికి తిరుగు బండి ఎక్కేస్తారు. పక్క కొండమీద అంత పెద్ద కోట ఉందే, రామ్‌గఢ్ అని కూడా అంటారు, దాని వంక చూసేవాళ్ళు తక్కువ. చూసినా "ఎవరు కట్టించిండ్రు?" అని ఒక మాట అడిగి ఊరుకుంటారు.

రెండేళ్ళ కిందట రిటైరైన టీచర్ల బృందం ఒకటి ఫోన్ చేసి, మాకు గుడి కాదు, కోట కావాలి, సగం రోజు, తెలుగులో చెప్పాలి అన్నారు. అప్పటిదాకా నేను కోటను ఇరవై నిమిషాల్లో ముగించేవాణ్ణి. సగం రోజు ఏం చెప్పాలో తెలియక టెన్షన్ పడి, దొరికినదల్లా చదివి, నోట్స్ రాసుకుని వెళ్ళి, బాగా దెబ్బ తిన్నాను. తర్వాత దాన్ని ఎలా మార్చుకున్నానో రాస్తున్నాను. గైడ్ పని చేసేవాళ్ళకూ, పిల్లల్ని కోటలకు తీసుకెళ్ళే టీచర్లకూ పనికొస్తుందని ఆశ.

మొదటిసారి చేసిన తప్పు చెప్తాను. హాథీ దర్వాజా దగ్గర అందర్నీ నిలబెట్టి వరస పెట్టి చదివాను. యాదవులు, గోండు రాజులు, బహమనీలు, ఇమాద్ షాహీలు, నిజాం షాహీలు, మొగలులు, ఆసఫ్ జాహీలు, ఆ తర్వాత 1948 సెప్టెంబర్, 1956 నవంబర్ 1. ఎండ. పావుగంట కాగానే సగం మంది చెట్టు నీడకు పోయారు, ఇద్దరు టిఫిన్ డబ్బా విప్పారు. వాళ్ళతో వచ్చిన ఒక అవ్వ, టీచర్ కాదు, ఎవరి తల్లో, గోడకు ఆనుకుని కూర్చుని అంతా విన్నది. విని, "గిన్ని పేర్లు చెప్తున్నవ్ గని బిడ్డా, ఇండ్ల ఎవరుండేటోళ్ళు? ఏం పని చేసేటోళ్ళు? గిన్ని రాళ్ళు గీ గుట్ట మీదికి ఎందుకు మోసిండ్రు?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. ఏడు వంశాల పేర్లున్నాయి, పని ఒక్కటీ లేదు.

అదే రోజు ఇంకో దెబ్బ. కోటలో కూలిన గదుల దగ్గర నిలబడి, ప్రతిసారీ చెప్పినట్టే, మొగలుల తరఫున సేన నడిపిన మాహూర్ రాణి రాయబాఘన్ ఇక్కడే ఉండేది అన్నాను. బృందంలో ఒక హిస్టరీ లెక్చరర్ సారు నెమ్మదిగా, "ఈ గదిలనే ఉన్నదని నీకెట్ల తెలుసు తమ్మీ?" అని అడిగారు. ముందున్న గైడ్ చెప్పగా విన్నాను, ఆయన ఇంకెవరో చెప్పగా విన్నాడు, అంతే. ఆ రోజు నుంచి ఆ ముక్క తీసేశాను. సొరంగం కథ కూడా తీసేశాను. సొరంగం సంగతి మీకు తెలిసిందే కదా, ప్రతి కోటలోనూ ఒకటి ఉంటుంది, మాది మాత్రం వచ్చిన టూరిస్టుది ఏ ఊరైతే ఆ ఊరిదాకా పోతుంది. నిర్మల్ వాళ్ళొస్తే నిర్మల్‌కు, నాందేడ్ వాళ్ళొస్తే నాందేడ్‌కు.

ఇంటికొచ్చాక అవ్వ మాటే బుర్రలో తిరిగింది. ఏం పని? ఎవరు పాలించారన్నది పక్కన పెట్టి, ఆయా కాలంలో కోట ఏ కొలువు చేసిందో రాయడం మొదలుపెట్టాను. సగం రాశాక గమనించిన సంగతి ఏంటంటే, రాజు మారినప్పుడల్లా కొలువు మారలేదు. సరిహద్దు గీత ఇటు జరిగినా అటు జరిగినా మాత్రం మారింది. మా జిల్లాల వాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మా తాత పొలం కాగితం ఉర్దూ పహాణీ, మా నాన్నది మరాఠీ సాత్‌బారా, పొలం అదే, గట్టు అదే, ఇంట్లో మాట తెలుగే. పట్వారీ పోయి తలాఠీ వచ్చాడు.

ఇప్పుడు నేను చెప్పే వరస ఇది. కోటలోకి పోకముందే, పెన్‌గంగ కనిపించే చోట బండి ఆపుతాను. నది మాహూర్‌ను పడమర నుంచి ఉత్తరం మీదుగా చుట్టుకుని పోతుంది. అవతల యవత్మాల్ జిల్లా, ఇవతల మనం. ముందు దాన్ని చూడండి, కోట తర్వాత చూద్దాం అంటాను. కొండలు, టేకు అడవి, చుట్టూ నది, ఇవి రాజులు కట్టించినవి కావు కదా, వచ్చిన ప్రతివాడూ దీని కోసమే వచ్చాడు. కొండ దిగువన పాండవ లేణీ అని రాతిలో తొలిచిన గుహలున్నాయి, అంటే కోట గోడల కథ మొదలుకాకముందే ఇక్కడికి జనం వచ్చి రాయి తొలిచేంత తీరికగా ఉన్నారన్నమాట. రేణుకమ్మ గుడి దేవగిరి యాదవ రాజు కట్టించాడని ఇక్కడ అందరూ చెప్పే మాట. యాదవుల తర్వాత కొండలు గోండుల చేతిలో ఉన్నాయి. ఈ భాగం నేను త్వరగా దాటేస్తాను.

అసలు కథ బహమనీలతో మొదలు. అహ్మద్ షా బహమనీ, 1422 నుంచి 1436 దాకా ఏలినవాడు, బీదర్‌కు రాజధాని మార్చినవాడు, ఈ వైపు దండెత్తి మాహూర్ పట్టుకున్నాడు. ఆ కాలంలోనే ఆయన ఉత్తరాన గావిల్‌గఢ్, నర్నాలా కోటల పని కూడా చేయించాడు. మూడింటినీ మ్యాపులో చుక్కలు పెట్టి చూపిస్తే పిల్లలకైనా అర్థమవుతుంది. ఉత్తరాన ఉన్న మాళ్వా సుల్తానుల భయం ఉంది, ముందు వరసలో రెండు కోటలు, వెనక మాహూర్. అంటే మన కోట మొదటి కొలువు కాపలా. సైన్యం ఉండాలి, ధాన్యం ఉండాలి, నీళ్ళుండాలి.

రెండో కొలువు నాకు చాలా ఇష్టమైనది, సమయం కూడా ఎక్కువ ఇక్కడే పెడతాను. బహమనీ రాజ్యంలో మొదట నాలుగు తరఫులు, అంటే నాలుగు పెద్ద రాష్ట్రాలు, గుల్బర్గా, దౌలతాబాద్, బేరార్ (ఇప్పటి విదర్భ వైపు), బీదర్. తరఫ్‌దార్లు బలిసిపోయి సుల్తాన్నే లెక్కచేయని స్థితి వస్తే, వజీరు మహమూద్ గవాన్ నాలుగింటినీ విడగొట్టి ఎనిమిది చేశాడు. బేరార్‌ను రెండు ముక్కలు చేసి ఒకటి గావిల్, రెండోది మాహూర్ అన్నాడు. గావిల్ ఫతహుల్లా ఇమాదుల్ ముల్క్‌కు, మాహూర్ ఖుదావంద్ ఖాన్ అనే హబ్షీ సర్దారుకు. హబ్షీ అంటే అబిసీనియా నుంచి వచ్చినవాడు. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి మాహూర్! ఇక్కడ బృందం ఒక్కసారి లేచి కూర్చుంటుంది.

గవాన్ ఇంకో కిటుకు పెట్టాడు. తరఫ్‌దారు తన చేతిలో ఒక్క కోట మాత్రమే ఉంచుకోవాలి, ఆ తరఫ్‌లో మిగతా కోటలన్నిటికీ కిల్లేదార్లను, అంటే కోట అధికారులను, సుల్తానే నేరుగా పెడతాడు. దీన్ని మాటల్లో చెప్తే ఎవరికీ పట్టదు, నేను జీపు తాళాలు తీస్తాను. ఒకర్ని తరఫ్‌దారు చేస్తాను, ముగ్గుర్ని కిల్లేదార్లు చేస్తాను, జీపు తాళం, మా ఇంటి తాళం, డబ్బా తాళం, టూల్ బాక్స్ తాళం నాలుగూ పంచుతాను. తరఫ్‌దారుకు ఒక్కటే. ఇప్పుడు తిరుగుబాటు చేయండి సార్ అంటాను. ఆయన తన తాళం చూసుకుంటాడు, మిగతా ముగ్గురూ తాళాలు పిడికిట్లో బిగిస్తారు. ఒకసారి ఏడో తరగతి పిల్లాడు, తరఫ్‌దారు వేషం వాడిదే, రెండు నిమిషాలు ఆలోచించి, జేబులోంచి చాక్లెట్ తీసి పక్క కిల్లేదారుకిచ్చి తాళం లాక్కున్నాడు. సరిగ్గా జరిగిందీ అదే. 1481లో గవాన్‌నే అబద్ధపు ఉత్తరం సృష్టించి సుల్తాన్ చేతే చంపించారు, 1490 నుంచి పెద్ద తరఫ్‌దార్లు ఒక్కొక్కరే ఎవరికి వారు సుల్తానులయ్యారు. గావిల్ ఫతహుల్లా బేరార్ ఇమాద్ షాహీ రాజ్యం పెట్టాడు. ఈ ఫతహుల్లా విజయనగరం వైపు హిందూ కుటుంబంలో పుట్టి, చిన్నప్పుడే యుద్ధంలో పట్టుబడి ఇటొచ్చినవాడని అప్పటి చరిత్రకారులు రాశారు.

అంటే రెండో కొలువులో మాహూర్ ఆఫీసు. లెక్కలు, జీతాలు, హుకుములు. పైగా ఆ కాపలా బయటి శత్రువుల మీద ఎంతో, తరఫ్‌దారు మీద కూడా అంతే.

1490 తర్వాత నలభై యాభై ఏళ్ళు మాహూర్‌కు నిద్ర లేదు. ఒక పక్క బేరార్, ఒక పక్క బీదర్, ఇంకో పక్క అహ్మద్‌నగర్, ముగ్గురి గీతలూ ఇక్కడే కలుస్తాయి. గోడ బలంగా ఉండాల్సిన కాలం ఇది. 1574లో అహ్మద్‌నగర్ నిజాం షాహీలు బేరార్‌ను మింగేశారు, 1596లో చాంద్ బీబీ మొగలులకు బేరార్ వదులుకుని సంధి చేసుకుంది. పేర్లు ఇక్కడ గబగబా చెప్పేసి ముందుకు పోతాను, అవ్వ నేర్పిన పాఠం.

మొగలుల కాలంలో మాహూర్ ఒక సర్కారు, అంటే జిల్లా లాంటిది. అక్బర్ కొలువులో అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీలో మాహూర్ మాట ఉంది. కొండమీద గట్టి కోట, పక్కనే దుర్గ గుడి, ఇక్కడి గేదెలు మేలుజాతివి, పూటకో రోజుకో గానీ అర మణుగుకు పైగా పాలిస్తాయి అన్నాడు. అప్పటి మణుగు ఇరవై అయిదు కిలోలు వేసుకున్నా పన్నెండు కిలోల పైమాటే. పాడి ఉన్నవాళ్ళు గుంపులో ఉంటే ఇక్కడ అరగంట వాదన ఖాయం, అంత పాలు ఇవ్వవని ఒకరు, ముర్రా అయితే ఇస్తుందని ఒకరు. నేను అడ్డుపడను. ఢిల్లీ, ఆగ్రా దర్బారు గుమాస్తా కోట ఎత్తు రాయకుండా గేదె పాలు రాశాడంటే, వాళ్ళకు ఈ కొండతో ఏం పనో తెలిసిపోతుంది కదా. శిస్తు కావాలి. పాలిచ్చే ఊళ్ళెన్ని, జమీందారు ఎవరు, వాడి దగ్గర గుర్రాలెన్ని, కాల్బలం ఎంత, ఇవే లెక్కలు.

ఇక 1623. జహంగీర్ మీద తిరగబడ్డ కొడుకు ఖుర్రం, తర్వాత షాజహాన్ అయినవాడు, ఉత్తరాన ఓడిపోయి, నర్మద దాటి, బుర్హాన్‌పూర్ మీదుగా మాహూర్ వచ్చాడు. ఏనుగుల్ని, బరువైన సామాన్లన్నిటినీ ఇక్కడ ఉదారాం అనే దేశ్‌ముఖ్ దగ్గర వదిలేసి, తేలికపడి, కుతుబ్ షాహీల గోల్కొండ రాజ్యంలోకి దిగి, మచిలీపట్నం మీదుగా ఒడిశాకు పోయాడు. ఎందుకు ఇక్కడే వదిలాడు? ఇది మొగలు గీతకు చివర. దీని తర్వాత వేరేవాడి రాజ్యం, పరిగెత్తాల్సిన నేల. ఇక్కడిదాకా రాజకుమారుడు, ఇక్కడ దాటితే శరణార్థి. మనం కూడా బస్టాండు క్లోక్ రూములో పెట్టె పెట్టి చేతి సంచీతో వెళ్తాం కదా. మూడో కొలువు గోదాము.

ఈ మాట చెప్పేది కోటలో చెరువు గట్టున. నడకను మొత్తం తిప్పుకున్నది ఇక్కడే. పాత పద్ధతిలో మహల్ అనే గోడల దగ్గర ఎక్కువసేపు, చెరువు దగ్గర ఫోటోకు మాత్రమే ఆగేవాణ్ణి. ఇప్పుడు తలకిందులు. ఒక ఏనుగుకు రోజుకు నూరు లీటర్లకు పైనే నీళ్ళు కావాలి, ఒక్కటే కాదు, మావటీలు, గుర్రాలు, సిపాయిలు, వాళ్ళ వంట. కొండమీద బావి తవ్వితే అంత ఊట రాదు, వాన నీళ్ళు ఆపుకోవడమే దారి. కోట ఎంతకాలం తట్టుకుంటుందో గోడ మందంలో కంటే ఈ నీటిమట్టంలోనే తెలుస్తుంది అంటాను. పిల్లలయితే ఖాళీ బాటిల్ ఇచ్చి, ఒక ఏనుగుకు ఇవి ఎన్ని కావాలో లెక్కకట్టమంటాను. లీటరు బాటిళ్ళు నూరు అనగానే ఒకమ్మాయి "సార్, అయితే ఏనుగు మా బోరింగు దగ్గర లైన్ల నిలబడుతే మా వాడకట్టుకు నీళ్ళే ఉండవు" అన్నది. ఎండాకాలం కిన్వట్ తెలిసినవాళ్ళకు ఆ మాట నవ్వులాట కాదు.

ఉదారాం కుటుంబం సంగతి కూడా చెరువు గట్టునే చెప్తాను, ఏ గదినీ చూపించకుండా. ఆ ఇంటి సావిత్రీబాయి మొగలుల తరఫున సేన నడిపింది, రాయబాఘన్ అంటే రాజవ్యాఘ్రి, ఆడపులి, ఆమెకొచ్చిన బిరుదు. 1661లో ఉంబర్‌ఖిండ్ కనుమలో కర్తలబ్ ఖాన్ సేనతో పాటు ఈమె కూడా ఉంది, అక్కడ శివాజీ వాళ్ళను ఇరుకులో పట్టి ఓడించాడు. మహారాష్ట్ర పిల్లలకు శివాజీ వైపు కథ బాగా తెలుసు, అటువైపు సేనలో మన మాహూర్ ఆమె ఉందని చాలామందికి తెలియదు. లెక్చరర్ సారు రెండోసారి వచ్చినప్పుడు ఇది విని, "ఇప్పుడు బాగుంది, గది లేకున్నా మనిషి కనపడుతుంది" అన్నారు. నాకు అదే సర్టిఫికెట్.

1687లో గోల్కొండ కూడా ఔరంగజేబు చేతికి పోయాక కోటకు పని పోయింది. ఇటు మొగలే, అటు మొగలే, మధ్యలో కాపలా ఎవరికి? 1724లో శకర్‌ఖేడా యుద్ధం గెలిచి ఆసఫ్ జా హైదరాబాద్ రాజ్యం పెట్టాక మాహూర్ ఇంకా లోపలికి పోయింది. ఎవరూ కూలగొట్టక్కర్లేదు, జీతం ఆగిన ఇంటికి మరమ్మత్తు ఆగుతుంది, వానాకాలం మిగతాది చూసుకుంటుంది. పైకప్పు పోతే పదేళ్ళలో గోడల మధ్య చెట్టు మొలుస్తుంది. ఇప్పటికీ వేరు రాయిని ఎలా పైకి లేపుతుందో చూపించడానికి నాకు పుస్తకం అక్కర్లేదు, బురుజు పక్కన మర్రి ఒకటి చాలు.

1853లో గీత మళ్ళీ ఈ కొండ దగ్గరికే వచ్చింది. నిజాం తన ఖర్చుతో ఇంగ్లీషు అధికారుల కింద నడిచే కంటింజెంట్ సైన్యం జీతాల బాకీ కింద బేరార్‌ను ఇంగ్లీషువాళ్ళకు అప్పగించాడు, 1902లో దాన్ని శాశ్వత కౌలు చేశారు. పెన్‌గంగ అవతల దొరల పాలన, ఇవతల నిజాం. సరిహద్దు వచ్చింది కాబట్టి కోటకు కొలువు తిరిగి రావాలి కదా? నేనూ మొదట అలాగే అనుకున్నాను. రాలేదు. ఈ గీత మీద యుద్ధం లేదు, ఉన్నది సుంకం. నిజాం రాజ్యంలో సుంకాల శాఖను కరోడ్‌గిరి అనేవాళ్ళు. సుంకం వసూలుకు కొండమీద బురుజు ఎందుకు, బండ్లు నది దాటే రేవులో ఒక నాకా, ఒక గుమాస్తా, ఒక రసీదు పుస్తకం ఉంటే సరిపోతుంది. సరిహద్దు ఉండటమొక్కటే కాదు, అది ఏ రకం సరిహద్దు అన్నది కూడా చూడాలని నాకు ఇక్కడే అర్థమైంది. నా లెక్కకు అడ్డం పడి దాన్ని సరిచేసిన ముక్క ఇది.

తర్వాతది మా తాత చూసిన కాలం. కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 1948 సెప్టెంబర్‌లో నిజాం పాలన పోయింది, 1956 నవంబర్ 1న రాష్ట్రాలు విడదీసినప్పుడు కిన్వట్‌ను నాందేడ్ జిల్లాతో బొంబాయి రాష్ట్రంలో కలిపారు, 1960 మే 1న మహారాష్ట్ర అయింది. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ముసలాయన ఒకరు ఈ మాట విని, అయితే మాది మాకే చూపిస్తున్నవా అన్నారు, అందరూ నవ్వారు. గమనించండి, గీత కొండకు ఉత్తరాన పెన్‌గంగ మీద ఉండేది, ఇప్పుడు కొండ దాటి తూర్పు దక్షిణాలకు జరిగింది. కోట మాత్రం ఎక్కడికీ జరగలేదు, ఎవరూ దాన్ని సంప్రదించనూ లేదు.

ఇంత చెప్పాక అందరూ అడిగేది గుడి గురించి. పక్క కొండ ఎందుకు ఖాళీ కాలేదు? అబుల్ ఫజల్ రాసినప్పుడూ గుడి ఉంది, ఇప్పుడూ దసరాకు మెట్ల మీద కాలు పెట్టే చోటుండదు. అమ్మవారికి గీతతో పని లేదు. మన వైపు బైండ్లవాళ్ళు జమిడిక వాయిస్తూ చెప్పే ఎల్లమ్మ కథలోనూ పరశురాముడు ఉన్నాడు, ఇక్కడి మరాఠీ కథలోనూ అతనే కావడి మోసుకుని తల్లిని ఇక్కడికి తెచ్చాడు. మాహూర్ పేరులో 'ఊరు' మన తెలుగు ఊరేనని, తల్లి ఊరు కాబట్టి మా-ఊరు అని మరాఠీవాళ్ళే చెప్పుకుంటారు. భాషాశాస్త్రం ఒప్పుకుంటుందో లేదో గానీ తెలుగు బృందం దగ్గర ఈ ముక్కకు మంచి చప్పట్లు పడతాయి.

కాబట్టి ఇప్పుడు నడకను గుడి దారిలో తాంబూలం కొట్టే కొట్టు దగ్గర ముగిస్తున్నాను. తమలపాకు, వక్క, కాచు, సున్నం, మసాలా దినుసులు చిన్న రోట్లో వేసి దంచుతారు, టకటకా అని వరసగా కొట్లన్నీ ఒకే లయ. ఆకు నలిగి నల్లపచ్చగా ముద్దయ్యాక పొట్లం కడతారు. ఇక్కడ తెలుగు, మరాఠీ, హిందీ మూడూ ఒకే బేరంలో వినిపిస్తాయి. ఒక కొట్టు కాకా నన్ను చూడగానే "గైడ్‌భావూ, ఇయ్యాల ఏనుగులెన్ని?" అంటాడు, మా చెరువు లెక్క ఆయనదాకా పోయింది.

ఇంకా కుదరని సంగతులున్నాయి. తాళాల ఆట పెద్దవాళ్ళతో ఒక్కోసారి తేలిపోతుంది, సిగ్గుపడి నవ్వేసి ఊరుకుంటారు, అప్పుడు కథలాగే చెప్పేస్తాను. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు సరిహద్దు ముక్క అందదు, వాళ్ళకు ఏనుగు, కోతులు సరిపోతాయి. నిజాం కాలం భాగం ఇప్పటికీ పలచగా ఉంది, అక్కడ మా తాత పహాణీ జిరాక్స్ కాపీ లామినేట్ చేయించి చేతికిస్తున్నాను, ఉర్దూ చదవగలిగినవాళ్ళు ఎవరైనా గుంపులో ఉంటే వాళ్ళే మిగతా పావుగంట నడిపించేస్తారు. నాలుగున్నర గంటల నడక మొదట అనుకున్నది, మూడు గంటలకు తగ్గించాను.

ఆ మొదటి బృందంలోని అవ్వ పోయిన దసరాకు మళ్ళీ వచ్చింది, మనవరాలితో. ఈసారి చెరువు గట్టు దాకా నడిపించి అంతా చెప్పాను. విని, చెరువు వైపు కాసేపు చూసి, "మరి పూడిక ఎవరు తీస్తుండ్రు?" అని అడిగింది. వచ్చే బ్యాచ్‌కు దానికి జవాబు వెతకాలి.